గిటార్ దరువులు - వాటి వెనుక చేతులు

గిటార్ అనగానే మనలో చాలామందికి సినిమా హీరోయే గుర్తొస్తాడు. కాలేజీ మెట్ల మీదో, కొండ అంచునో నిలబడి ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తుంటాడు. దానికి వైరు ఉండదు, బాక్సు ఉండదు, కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుందో ఆ దర్శకుడికే తెలియాలి. అయినా పాట లోయంతా మోగిపోతుంది. మరి నిజంగా వాయించిందెవరు? మన ఇళ్లలో ఉన్న పాత క్యాసెట్ల అట్టలు తిప్పి చూశాం. సంగీత దర్శకుడి పేరుంది, రాసినవారి పేరుంది, పాడినవాళ్ల పేర్లున్నాయి. వాయించిన చేతుల పేర్లు మాత్రం మాకు కనబడలేదు. 1976లో 'అన్నక్కిళి' సినిమాతో సంగీత దర్శకుడు కాకముందు ఇళయరాజా గారు కూడా వేరే సంగీత దర్శకుల దగ్గర గిటార్ వాయించినవారే. అప్పట్లో ఆయన వాయించిన పాటలేవో మనలో ఎంతమందిమి చెప్పగలం?

వార్షికోత్సవ సంచికకు ఎప్పుడూ రాసేవి కాకుండా ఏదైనా కొత్త విషయం రాయమన్నారు. అందుకని మాకు బాగా ఇష్టమైన కొన్ని ఎలక్ట్రిక్ గిటార్ ముక్కల గురించి, వాటిని పుట్టించిన మనుషుల గురించి రాస్తున్నాం. ఇవన్నీ ఫోనులో విన్నవే. ఫోను ఎవరిదని మాత్రం అడగొద్దు.

ముందు ఒక మాట తెలుసుకోవాలి. ఈ ముక్కల్ని ఇంగ్లీషులో 'రిఫ్' అంటారు. అదేదో పెద్ద విషయం అనుకోనక్కర్లేదు, మనకు పుట్టుకతో తెలిసిందే. డప్పు మీద దరువు ఎలా ఉంటుంది? నాలుగైదు దెబ్బల వరుస తిరిగి తిరిగి వస్తుంది, పాటా ఆటా దాని మీద నడుస్తాయి. దరువు మొదలుపెట్టగానే అది పెళ్లిదో, చావుదో, జాతరదో వాడ చివరి ఇంట్లో ఉన్న ముసలమ్మకు కూడా తెలిసిపోతుంది. రిఫ్ కూడా అంతే. స్వరాలతో కట్టిన దరువు అది. పాటలో ఒక్క ముక్క అర్థం కాకపోయినా అది మాత్రం నోట్లో నానుతూనే ఉంటుంది. మెస్సులో అన్నానికి నిలబడ్డప్పుడు మా వాళ్లు కంచాల మీద కొట్టే వాటిలో కొన్ని ఇవే. ఆ కొట్టేవాళ్లకు అవి ఎవరివో తెలియదు.

ఇక ఈ కరెంటు గిటార్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. మామూలు గిటార్‌కు చెక్క డొల్ల ఉంటుంది. తీగ అదిరితే ఆ డొల్ల అదిరి శబ్దాన్ని పెంచుతుంది. గదిలో నలుగురు వినడానికి అది చాలు. కానీ 1920, 30ల నాటి అమెరికా డాన్సు బ్యాండ్లలో బాకాలు, డ్రమ్ముల మధ్య గిటార్ వాయించేవాడు వాయిస్తున్నాడో లేదో కూడా తెలిసేది కాదు. దీనికి ఉపాయం కనిపెట్టినవాళ్లలో జార్జ్ బీచమ్ ఒకడు. 1931, 32 ప్రాంతంలో ఆయనా, రికెన్‌బ్యాకర్ అనే ఆయనా కలిసి చేసిన అల్యూమినియం గిటార్ చూడడానికి పొడుగు పిడి ఉన్న పెనంలా ఉండేది. దాన్ని అందరూ 'వేపుడు పెనం' అనే పిలిచారు. 1937లో దానికి పేటెంటు వచ్చింది.

అందులోని కిటుకు మన పదో తరగతి భౌతికశాస్త్రంలో ఉన్నదే. ఫారడే చెప్పిన విద్యుదయస్కాంత ప్రేరణ. ఉక్కు తీగల కింద అయస్కాంతం ఉంటుంది, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగను వేల చుట్లు చుడతారు. దీన్ని పికప్ అంటారు. పైన ఉక్కు తీగ అదిరితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది. దాంతో రాగి చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. తీగ సెకనుకు ఎన్నిసార్లు ఊగితే కరెంటు కూడా అన్నిసార్లే ఊగుతుంది. ఆ కరెంటును యాంప్లిఫయర్ పెద్దది చేసి స్పీకరుకు పంపిస్తుంది. నైలాను తీగ వేస్తే ఈ పికప్ పనిచేయదు, ఎందుకో చెప్పమని కింది తరగతివాళ్లను అడిగి చూడండి.

ఈ కొత్త వాయిద్యానికి మాట నేర్పినవాళ్లలో చార్లీ క్రిస్టియన్ ముందు వరుసలో ఉంటాడు. 1916లో పుట్టిన నల్లజాతి యువకుడు. ఓక్లహామా సిటీలో పేదల పేటలో పెరిగాడు. చిన్నప్పుడు బడిలో చేతిపని క్లాసులో చుట్టల పెట్టెలతో గిటార్లు చేసేవాడని అదే ఊళ్లో పెరిగిన రచయిత రాల్ఫ్ ఎలిసన్ రాశాడు. 1939లో బెన్నీ గుడ్‌మన్ అనే ప్రసిద్ధ తెల్లజాతి సంగీతకారుడి బ్యాండులో చేరాడు. అప్పటిదాకా వెనక కూర్చుని ఎక్కువగా తాళమే వేసిన గిటార్‌ను బాకాలతో సమానంగా ముందుకు తెచ్చి ఒంటరిగా పలికించాడు. మూడేళ్లు కూడా నిండలేదు, 1942లో క్షయతో చనిపోయాడు. అప్పటికి 25 ఏళ్లు.

మా జాబితాలో తర్వాతి పేరు సిస్టర్ రొసెట్టా థార్ప్. 1915లో అర్కన్సాస్ రాష్ట్రంలో కాటన్ ప్లాంట్ అనే ఊళ్లో పుట్టింది. పేరులోనే పత్తి ఉంది చూడండి. తల్లి చర్చిలో పాడుతూ బోధించేది, పిల్ల ఆమె పక్కన గిటార్ పట్టుకుని నిలబడేది. పెద్దయ్యాక దేవుడి పాటలకే కరెంటు గిటార్ తగిలించింది. ఆమె 1944లో రికార్డు చేసిన ఒక భక్తిగీతం 1945లో నల్లవాళ్ల పాటల జాబితాలో రెండో స్థానందాకా ఎక్కింది. నల్లవాళ్ల పాటల జాబితా ఏమిటంటారా? అప్పట్లో అమెరికాలో వాళ్ల రికార్డులకు విడిగా జాబితా వేసేవాళ్లు. మన ఊళ్లలో టీ కొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లకు ఇంతకన్నా విడమరచి చెప్పక్కర్లేదు. రాక్ అండ్ రోల్ అని లోకం తర్వాత పిలిచిన సంగీతం ఆ పాటలో అప్పటికే ఉందని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు.

1964లో ఇంగ్లండులోని మాంచెస్టరులో వాడకం ఆగిపోయిన ఒక రైల్వే స్టేషనులో టీవీ వాళ్లు ఆమె చేత కచేరీ చేయించారు. ఒక ప్లాట్‌ఫారం మీద జనం, పట్టాలకు అవతలి ప్లాట్‌ఫారం మీద ఆమె. వాన పడి నేలంతా తడిగా ఉంది. పొడుగు కోటు వేసుకున్న ఆ నడివయసు మనిషి, మన ఊరి చర్చిలో పాస్టరమ్మలా ఉన్న ఆమె, తెల్లటి ఎలక్ట్రిక్ గిటార్ తగిలించుకుని వాయిస్తుంటే మేము నోళ్లు తెరుచుకుని చూశాం. ఆ నలుపు తెలుపు సినిమా యూట్యూబులో ఉంది, తప్పక చూడండి. అలాంటి మనిషి 1973లో ఫిలడెల్ఫియాలో చనిపోతే సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేకుండా పోయింది. 2008లో అభిమానులు కచేరీ పెట్టి డబ్బు పోగుచేశాకే అక్కడ రాయి లేచింది. రాక్ సంగీత ప్రముఖుల జాబితాలో ఆమె పేరు చేర్చడానికి 2018 దాకా పట్టింది.

ఇప్పుడు చక్ బెర్రీ. అన్ని రిఫ్‌లలోకీ పేరున్న రిఫ్ బహుశా ఈయనదే, 1958లో వచ్చిన 'జానీ బి. గుడ్' మొదట్లో వినబడేది. ఒక్కసారి గిటార్ గబగబా మెట్లు దిగి వచ్చినట్టు ఉంటుంది. బెర్రీ 1926లో సెయింట్ లూయిస్ నగరంలో పుట్టాడు. కుర్రతనంలో దొంగతనం కేసులో శిక్ష పడింది. బయటికొచ్చాక కార్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు, మంగలి పని నేర్చుకున్నాడు. ఆ పాట చదువు సరిగా రాకపోయినా గిటార్ మాత్రం అద్భుతంగా వాయించే ఒక పల్లెటూరి కుర్రాడి కథ. మొదట నల్ల కుర్రాడు అనే రాసుకున్నాననీ, అలా ఉంచితే రేడియోల్లో వేయరని పల్లెటూరి కుర్రాడుగా మార్చాననీ బెర్రీయే తర్వాత చెప్పాడు. 1955లో వచ్చిన తన మొదటి పెద్ద పాట 'మేబెలీన్'కు రచయితలుగా తనతో పాటు మరో ఇద్దరి పేర్లు తగిలించారు. వాళ్లలో ఒకడు పాటలు వేసే రేడియో ఆయన. ఆ పేర్లు తొలగిపోయి పాట పూర్తిగా బెర్రీ పేరు మీదికి వచ్చేసరికి 1986 అయింది.

ఇంత అన్యాయం అనుభవించిన బెర్రీ రిఫ్‌లో కూడా ఇంకొకరి చెయ్యి ఉందని తెలిసి మేము ఆశ్చర్యపోయాం. 1946లో లూయిస్ జోర్డాన్ అనే నల్లజాతి గాయకుడి పాట ఒకటి వచ్చింది. దాని మొదట్లో కార్ల్ హోగన్ అనే ఆయన గిటార్ వాయించాడు. రెండూ వెంటవెంటనే పెట్టుకుని వినండి. 12 ఏళ్ల తర్వాత బెర్రీ వాయించింది దాదాపు అదే! బెర్రీ దీన్ని దాచలేదు, హోగన్ దగ్గర నేర్చుకున్నానని చెప్పాడు. హోగన్ గురించి అంతకు మించి మాకు ఎక్కడా పెద్దగా దొరకలేదు. 1977లో అమెరికా వాళ్లు వాయేజర్ వ్యోమనౌకల్లో భూమి గుర్తుగా ఒక బంగారు పూత రికార్డు పెట్టి పంపారు. అందులో బాఖ్, బీథోవెన్ ఉన్నారు, మన దేశం నుంచి కేసర్‌బాయి కేర్కర్ గారి గానం ఉంది, 'జానీ బి. గుడ్' ఉంది. వాయేజర్-1 మనకు 2400 కోట్ల కిలోమీటర్ల దూరం దాటి పోతూనే ఉంది. ఆ రికార్డు పెట్టె మీద హోగన్ పేరు లేదు గాని ఆయన వేళ్లు పలికించిన వరుస అందులో ఉంది.

అదే 1958లో ఇంకో రిఫ్ వచ్చింది. లింక్ రే అనే ఆయన వాయించిన 'రంబుల్'. షానీ అనే ఆదివాసీ తెగ మూలాలున్నవాడు. క్షయ వల్ల ఒక ఊపిరితిత్తి పోగొట్టుకున్నవాడు. గిటార్ శబ్దం బరగ్గా, బండగా రావాలని యాంప్లిఫయర్ స్పీకరు కాగితాన్ని పెన్సిలుతో పొడిచి చిల్లులు పెట్టాడు. జాతరలో మైకు సెట్టు శబ్దం బాగా పెంచితే హారను గొంతు పగిలినట్టు వస్తుంది కదా, అలాంటి మోత కావాలని కోరి తెచ్చుకున్నాడు. తర్వాతి రోజుల్లో ఈ మోత కోసమే ప్రత్యేకంగా పెట్టెలు తయారయ్యాయి. 'రంబుల్'లో మాటలు లేవు. ఒక్క మాట కూడా లేదు. అయినా అది వింటే కుర్రాళ్లు గొడవలకు దిగుతారని కొన్ని రేడియో స్టేషన్లు దాన్ని వేయకుండా ఆపేశాయి. మాటే లేని పాటను నిషేధించడం ఏమిటని నవ్వుకున్నాం గాని, మా ఊళ్లో ఫలానా వీధిలోకి డప్పు రాకూడదని ఆపిన సంగతి మాలో ఒకరు గుర్తు చేశాక నవ్వు ఆగిపోయింది.

దక్షిణాదిన మిసిసిపీ రాష్ట్రంలో పత్తి చేలల్లో పనిచేసిన మడ్డీ వాటర్స్ 1943లో కూలి బతుకు వదిలి షికాగో నగరానికి రైలెక్కాడు. అక్కడి సారా దుకాణాల గోలలో మామూలు గిటార్ వినబడక ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకున్నాడు. ఆయనకు పాటలు రాసిచ్చినవాడు విల్లీ డిక్సన్, ఒకప్పటి కుస్తీవీరుడిలాంటి భారీ మనిషి, నిజంగానే బాక్సింగు పోటీ గెలిచినవాడు. వీళ్లిద్దరూ 1954లో చేసిన 'హూచీ కూచీ మాన్' వినండి. వాయిద్యాలన్నీ కలిసి ఒక దరువు కొట్టి టక్కున ఆగుతాయి, ఆ ఖాళీలో పాటగాడు ఒక మాట అంటాడు, మళ్లీ దరువు. డప్పు ఆగినచోట పాటగాడు అందుకున్నట్టే ఉంటుంది.

మడ్డీ వాటర్స్ పాట పేరునే ఇంగ్లండు కుర్రాళ్లు 1962లో తమ బ్యాండుకు పెట్టుకున్నారు. అదే రోలింగ్ స్టోన్స్. ఆ బ్యాండులోని కీత్ రిచర్డ్స్ 1965లో నిద్రలో లేచి ఒక రిఫ్‌ను టేపు రికార్డరులో వాయించి మళ్లీ పడుకున్నాడట. పొద్దున్న టేపు వేస్తే కాస్త గిటారూ, మిగతాదంతా గురకా ఉన్నాయని ఆయనే చెప్పుకున్నాడు. 'శాటిస్ఫాక్షన్' పాట అలా పుట్టింది. ఆ వరుసను బాకాలతో వాయించాలని ఆయన ఉద్దేశం. గుర్తు కోసం మోతపెట్టెతో గిటార్ మీద వాయించి పెట్టాడు, చివరికి అదే ఉండిపోయింది.

ఇంకో ఇంగ్లండు బ్యాండు లెడ్ జెపెలిన్. 1969లో వచ్చిన వాళ్ల 'హోల్ లాటా లవ్' రిఫ్ జిమ్మీ పేజ్‌ది, మా గదిలో అందరికీ ఇష్టం. కానీ పాటలోని మాటలు విల్లీ డిక్సన్ రాయగా 1962లో మడ్డీ వాటర్స్ పాడిన పాటకు బాగా దగ్గరగా ఉన్నాయి. డిక్సన్ పేరు ఎక్కడా వేయలేదు. ఆయన 1985లో కోర్టుకెక్కాడు. 1987లో అవతలివాళ్లు రాజీకి వచ్చి డబ్బిచ్చారు, తర్వాతి ముద్రణల్లో ఆయన పేరు కూడా చేరింది. డిక్సన్ తన ఒక్కడి కోసమే చూసుకోలేదు. తనలాంటి ముసలి కళాకారులకు రావలసిన పాటల సొమ్ము రాబట్టడానికి ఒక సంస్థ పెట్టాడు. దొంగిలించారు కాబట్టి ఆ పాట వినకూడదా అని మాలో వాదన జరిగింది. వినాలనే తేలింది, అయితే డిక్సన్ పాట ముందు విన్నాకే.

జిమి హెండ్రిక్స్ సంగతి చెప్పకపోతే మా సీనియర్లు ఊరుకోరు. 1942లో సియాటిల్‌లో పుట్టాడు. ఇంట్లో పేదరికం, తల్లిదండ్రులు విడిపోయారు. బడిలో ఉన్నప్పుడు ఎక్కడికి పోయినా చీపురు కట్ట పట్టుకుని గిటార్‌లా వాయిస్తున్నట్టు తిరిగేవాడు. అది చూసి ఒక సంక్షేమ ఉద్యోగిని, పేద పిల్లల కోసం ఉన్న నిధి నుంచి ఈ పిల్లాడికి గిటార్ కొనివ్వండి, లేకపోతే వాడి మనసు దెబ్బతింటుంది అని ఉత్తరం రాసింది. మంజూరు కాలేదు. పెట్టెలూ దుప్పట్లూ మంజూరు కోసం ఎదురుచూసిన మన హాస్టలు పాఠకులకు ఈ భాగం బాగా అర్థమవుతుంది. తర్వాత తండ్రితో కలిసి ఒకామె ఇంట్లో చెత్త తీసే పనికి పోయినప్పుడు ఒకే తీగ మిగిలిన ఉకులేలే అనే బుల్లి వాయిద్యం దొరికింది. ఆ ఒక్క తీగ మీదే రేడియో పాటలు పలికించడం నేర్చుకున్నాడు. 1958లో 5 డాలర్లకు సొంత గిటార్ వచ్చింది.

ఎడమచేతి వాటం కాబట్టి కుడిచేతి గిటార్‌ను తలకిందులుగా తిప్పి పట్టుకునేవాడు. 1967లో వచ్చిన ఆయన 'పర్పుల్ హేజ్' మొదట్లో రెండు స్వరాలు ఒకదాన్నొకటి ఢీకొంటాయి. మన లెక్కలో చెప్పాలంటే స, దానికి ప్రతిమధ్యమం. ఈ జంటకు యూరప్ సంగీత పండితులు ఒకప్పుడు సైతాను స్వరం అని పేరు పెట్టారు. మన కల్యాణి రాగంలో అదే ప్రతిమధ్యమం హాయిగా కూర్చుని ఉంటుంది, ఏ సైతానూ రాలేదు. 1970లో హెండ్రిక్స్ 27 ఏళ్లకే చనిపోయాడు.

చివరగా మాకు అందరికన్నా ఎక్కువ నచ్చిన మనిషి గురించి. టోనీ అయోమీ, 1948లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన తెల్లజాతి కార్మికుడు. 17 ఏళ్ల వయసులో ఇనుపరేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. బ్యాండుతో విదేశానికి వెళ్లే అవకాశం వచ్చి పని మానేశాడు. ఆ రోజు ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఇక పోనన్నాడు. మొదలుపెట్టిన రోజు పూర్తి చేసి రమ్మని తల్లి పంపింది. రేకులు నొక్కే మిషను మీద పనిచేసే మనిషి రాకపోవడంతో, అలవాటు లేని ఆ మిషను దగ్గర ఈయన్ను నిలబెట్టారు. అది కుడిచేతి మీద పడింది. నడిమి వేలు, ఉంగరం వేలు కొనలు తెగిపోయాయి. ఈయనదీ ఎడమచేతి వాటమే, కాబట్టి తీగలు నొక్కేది ఆ కుడిచెయ్యే.

గిటార్ మర్చిపొమ్మని డాక్టర్లు చెప్పారు. ఇంట్లో దిగులుగా కూర్చుంటే ఫ్యాక్టరీ మేస్త్రీ ఒక రికార్డు పట్టుకొచ్చి వినిపించాడు. వాయించింది జాంగో రైన్‌హార్ట్. యూరప్ సంచారజాతి మనిషి. 1928లో బండికి నిప్పంటుకుని ఎడమచేతి రెండు వేళ్లు పనికిరాకుండా పోయినా, మిగిలిన వేళ్లతో అంత గొప్పగా వాయించినవాడు. అయోమీ లేచాడు. గిన్నెలు కడిగే సబ్బునీళ్ల ప్లాస్టిక్ సీసా కరిగించి, ముద్ద చేసి, వేళ్లకు తొడుక్కునే తొడుగులు చేశాడు. జారకుండా పాత తోలుకోటు ముక్కలు అతికించాడు. మామూలు తీగలు నొక్కితే నొప్పి, అందుకని సన్నని తీగలు వేశాడు. కొన్నాళ్లకు తీగల బిగువు కూడా సడలించాడు. బిగువు తగ్గితే స్వరం కిందికి దిగుతుంది, డప్పును సెగ చూపకుండా వాయిస్తే బొంగురుగా పలికినట్టు. ఆ కింది స్వరం, ఆ బరువు కలిసి 'హెవీ మెటల్' అనే కొత్త సంగీతానికి గొంతు అయ్యాయి. ఆయన బ్యాండు బ్లాక్ సబాత్ 1970లో తెచ్చిన 'ఐరన్ మాన్' రిఫ్ వింటే ఇనుప మనిషి ఒక్కో అడుగూ వేసుకుంటూ వస్తున్నట్టే ఉంటుంది. అదే ఏడాది వచ్చిన 'పారనాయిడ్' రిఫ్, రికార్డులో కాస్త చోటు మిగిలిందని, మిగతావాళ్లు బయటికి పోయిన వేళ అప్పటికప్పుడు కట్టింది.

చదివి ఊరుకోకుండా మీరూ ఒకటి వాయించాలి గదా. అన్నిటికన్నా తేలిక 'స్మోక్ ఆన్ ద వాటర్'. డీప్ పర్పుల్ బ్యాండు, వాయించినవాడు రిచీ బ్లాక్‌మోర్. 1971 డిసెంబరులో స్విట్జర్లాండులోని మాంట్రూ ఊళ్లో వాళ్లు పాటలు రికార్డు చేసుకోవలసిన భవనం కచేరీ మధ్యలో తగలబడింది. ఎవరో నిప్పు వెలుగు తుపాకీ పైకప్పు మీదికి పేల్చారు. పొగ చెరువు మీద పరుచుకుంది, పాటలో ఉన్నది ఆ కథే. వేరే హాల్లో ఈ రిఫ్ రికార్డు చేస్తుంటే మోత భరించలేక ఇరుగుపొరుగు పోలీసుల్ని పిలిచారు. పాట పేరు బ్యాండులో ఒకరికి నిద్రలో తట్టింది. గిటార్ వాళ్లకు నిద్ర కూడా డ్యూటీయేనేమో!

మన రిక్రియేషన్ రూంలో బీరువా వెనక పాత బ్యాచ్ అన్నలు వదిలిపోయిన గిటార్ ఉంది. ఆరు తీగల్లో రెండే మిగిలాయి. హెండ్రిక్స్‌కు ఒకటే ఉంది కాబట్టి మనకు ఒకటి ఎక్కువే. ఏ తీగైనా పర్వాలేదు. వీణకున్నట్టే దీనికీ మెట్లుంటాయి. ఏమీ నొక్కకుండా మీటితే 0, మూడో మెట్టు దగ్గర నొక్కి మీటితే 3, అలా లెక్క. వరుస ఇది:

0 - 3 - 5
0 - 3 - 6 - 5
0 - 3 - 5
3 - 0

నాలుగు వరుసలూ ఆగకుండా, ముందు మెల్లగా. 6 దగ్గర వేలు తడబడుతుంది, అందరికీ అక్కడే తడబడుతుంది. స్టడీ అవర్ అయ్యాక తీసుకోండి, వాయించాక మళ్లీ బీరువా వెనకే పెట్టండి. తీగలు కొనిచ్చే పూర్వ విద్యార్థులెవరైనా ఉంటే మాకు ఉక్కువే కావాలి.